మధ్యలో ముగిసే డిగ్రీ, తొందరపడి చేసే అప్పు

ప్రశ్న: నా అకౌంటింగ్ డిగ్రీ అందరిలా విద్యా సంవత్సరం చివర కాకుండా మధ్యలో పూర్తవుతోంది. పెద్ద ఆడిట్ సంస్థలు కొత్త గ్రాడ్యుయేట్లను ఏడాదికి ఒకసారే బ్యాచ్‌గా తీసుకుంటున్నాయి. ఈసారి దరఖాస్తుల గడువు దాటిపోయింది, వచ్చే బ్యాచ్ చేరడానికి ఇంకా ఏడెనిమిది నెలలు పడుతుంది. నా దగ్గర మూడు నెలల ఖర్చులకు సరిపడే డబ్బు ఉంది. ఒక రుణ యాప్ నా తొమ్మిది నెలల ఖర్చుకు సమానమైన వ్యక్తిగత రుణాన్ని, 14 శాతం వడ్డీతో, 24 నెలల వాయిదాలపై ముందే మంజూరు చేసింది. వాయిదాల పట్టిక జత చేశాను. ఆ డబ్బులో నాలుగు నెలల ఖర్చుకు సమానమైన మొత్తాన్ని ఒక సర్టిఫికెట్ కోర్సుకూ, రెండు నెలల ఖర్చుకు సమానమైన మొత్తాన్ని ఉద్యోగం ఇప్పిస్తామంటున్న కన్సల్టెన్సీకీ కట్టి, మిగిలినది నా జీవనానికి ఉంచుకోవాలనుకుంటున్నాను. ఇది సరైన ప్రణాళికేనా? — ఒక పాఠకుడు

జవాబు: సరైన ప్రణాళిక కాదు. రుణ ఒప్పందంపై మీరు ఇంకా సంతకం చేయలేదని మీ ఉత్తరాన్ని బట్టి అర్థమవుతోంది కాబట్టి, ఈ సమాధానం చదివిన తరువాత కూడా చేయవద్దని గట్టిగా కోరుతున్నాను. మీ ప్రశ్నను ఎంచుకోవడానికి కారణం ఉంది. చదువు ముగిసే నెలకూ ఉద్యోగాల్లో చేర్చుకునే నెలకూ పొంతన కుదరని విద్యార్థులు ఏటా ఇదే పొరపాటు చేస్తున్నారు. మీకు వచ్చింది తేదీల ఇబ్బంది, ఆదాయం లేని కొన్ని నెలలను దాటడం ఎలాగన్న ఇబ్బంది. దాన్ని అప్పుతో పరిష్కరించబోతే, గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నట్టే అవుతుంది.

మీరు అకౌంటింగ్ విద్యార్థి కాబట్టి లెక్కతోనే మొదలుపెడతాను. మీ నెల ఖర్చును ఒక యూనిట్ అనుకోండి. రుణం 9 యూనిట్లు. మీరు పంపిన పట్టికలో 14 శాతం వడ్డీని రెండేళ్ల పాటు మొత్తం అసలుపైనే వేశారు, అంటే అది ఫ్లాట్ వడ్డీ. తిరిగి కట్టవలసింది దాదాపు 11.5 యూనిట్లు, నెలకు 0.48 యూనిట్. కోర్సుకూ కన్సల్టెన్సీకీ 6 యూనిట్లు పోగా రుణంలో మీకు మిగిలేవి 3 యూనిట్లు, వాటికి మీ చేతిలో ఉన్న 3 కలిపితే 6. కానీ వచ్చే నెల నుంచే వాయిదా మొదలవుతుంది కాబట్టి మీ నెల ఖర్చు 1 నుంచి 1.48కి పెరుగుతుంది. 6ను 1.48తో భాగించి చూడండి, నాలుగు నెలలే వస్తాయి. అప్పు లేకుండానే మూడు నెలలు గడపగలిగే మీరు, తొమ్మిది నెలల ఖర్చంత అప్పు నెత్తికెత్తుకుని సంపాదించుకునేది ఒక్క అదనపు నెల. ఐదో నెలలో మీ చేతిలో ఉద్యోగమూ ఉండదు, డబ్బూ ఉండదు, ఇరవై వాయిదాలు మాత్రం ఇంకా మిగిలి ఉంటాయి. ఈ లెక్కకు పది నిమిషాలు చాలు. పరీక్షలో ఇచ్చివుంటే మీరు తప్పకుండా చేసేవారు, మీ సొంత జీవితానికి మాత్రం చేసుకోలేదు.

యాప్ చెప్పిన 14 శాతం గురించి కూడా స్పష్టంగా తెలుసుకోండి. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీని మొదటి మొత్తంపైనే లెక్కగట్టడం వల్ల, తగ్గే అసలు ప్రకారం చూస్తే ఆ రుణపు నిజమైన వడ్డీ రేటు దాదాపు 25 శాతం. ప్రాసెసింగ్ రుసుమును ముందుగానే మినహాయించుకుని ఇస్తే అది ఇంకా పెరుగుతుంది. ఆదాయమే లేని విద్యార్థికి రెండు నిమిషాల్లో మంజూరయ్యే రుణం సౌకర్యం కోసం రూపొందించినది కాదు. వాయిదా తప్పినప్పుడు వేసే అపరాధ రుసుములతో సహా లెక్కవేసుకునే దాన్ని ఇస్తారు. ఈ విషయంలో నాకు ఓపిక తక్కువని పాఠకులు అప్పుడప్పుడూ ఫిర్యాదు చేస్తుంటారు. జీతం మొదలుకాకముందే జీతంలో సగభాగాన్ని తాకట్టు పెట్టుకున్న యువతీయువకుల ఉత్తరాలు చదివాక ఓపిక పట్టడం కష్టం.

మీ వృత్తికి సంబంధించి మరొక ప్రమాదం ఉంది, దీన్ని చాలామంది గమనించరు. డబ్బు వ్యవహారాలు చూసే ఉద్యోగాలకు తీసుకునేటప్పుడు అభ్యర్థి క్రెడిట్ చరిత్రను, అంటే అప్పులను సకాలంలో తీర్చాడా లేదా అన్న రికార్డును, పరిశీలించే యజమానులు ఎందరో ఉన్నారు, ఆర్థిక సేవల రంగంలో ఇది మరీ ఎక్కువ. ఇతరుల ఖాతాలను అప్పగించబోయే మనిషి తన ఖాతాను ఎలా నడుపుకుంటున్నాడో చూడాలనుకోవడం సహజమే. ఉద్యోగం కోసమని తెచ్చిన అప్పులో రెండు వాయిదాలు తప్పి, ఆ కారణంగానే ఉద్యోగం చేజారే పరిస్థితిని మీరే కొని తెచ్చుకోవద్దు.

కన్సల్టెన్సీ సంగతి ఇంకా తేలిక. ఉద్యోగం ఇప్పిస్తామని అభ్యర్థి దగ్గర ముందుగా డబ్బు అడిగేవారికి ఏమీ కట్టకండి. ప్రైవేటు ఉపాధి సంస్థలు కార్మికుల నుంచి ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ రుసుము వసూలు చేయరాదన్న సూత్రాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో ఆమోదించిన 181వ ఒప్పందంలోని 7వ అధికరణలోనే పొందుపరిచింది. పరిమితమైన మినహాయింపులు ఉన్నా, మూల సూత్రం అదే. నిజమైన రిక్రూట్‌మెంట్ ఏజెన్సీలకు డబ్బు చెల్లించేది మనిషి అవసరమైన యాజమాన్యం. అకౌంట్స్ విభాగాలకు తాత్కాలిక సిబ్బందిని సమకూర్చే ఏజెన్సీలు చాలా ఉన్నాయి, వాటిలో పేరు నమోదు చేసుకోవడానికి మీకు ఖర్చేమీ కాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. మీకు కావలసింది అత్యవసర నిధి. మీ దగ్గరున్న మూడు నెలల డబ్బే దానికి పునాది, దాన్ని మీరు కోర్సు రుసుములకు పక్కన ఉన్న చిల్లరలా చూస్తున్నారు. ఉద్యోగంలో స్థిరపడినవారు మూడు నుంచి ఆరు నెలల ఖర్చును దాచుకోవాలని మా వృత్తిలో సాధారణంగా చెబుతాం. ఇంకా ఉద్యోగమే దొరకని, దొరికినా మొదటి కొన్ని నెలలు ప్రొబేషన్‌లో ఉండే వ్యక్తి ఆరు నెలలకు తక్కువ లక్ష్యం పెట్టుకోకూడదని నా అభిప్రాయం. సంస్థల గురించి మీరు చదువుకున్న ఐఏఎస్ 1 అనే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం, సంస్థ కొనసాగగలదా లేదా అని అంచనా వేసేటప్పుడు యాజమాన్యం నివేదిక కాలం ముగిసిన నాటి నుంచి కనీసం 12 నెలల ముందుచూపుతో ఆలోచించాలి. లాభాల్లో ఉన్న సంస్థ కూడా చేతిలో నగదు లేక మూతపడవచ్చని మీ అధ్యాపకులు చెప్పే ఉంటారు. ఆ పరీక్షను మీకు మీరే పెట్టుకోండి: ఈ రోజు నుంచి 12 నెలల నగదు ప్రవాహ పట్టికను, అంటే వచ్చే డబ్బు, పోయే డబ్బు లెక్కను, నెలవారీగా రాసి, ఏ నెలలో నిల్వ సున్నాకు చేరుతుందో చూడండి.

ఆ పట్టికలో ఒక తప్పు దాదాపు అందరూ చేస్తారు. ఉద్యోగం ఖరారైన నెల నుంచే ఆదాయం వస్తుందని రాసుకుంటారు. వాస్తవానికి చివరి పరీక్షకూ ఫలితాలకూ మధ్య కొన్ని వారాలు, ధ్రువపత్రాలు చేతికి రావడానికి మరికొంత కాలం, ఆఫర్ వచ్చాక నేపథ్య పరిశీలనకు ఇంకొంత కాలం పడుతుంది. చేరిన తరువాత కూడా జీతం నెల చివరనే అందుతుంది. ఆఫర్ లేఖకూ మొదటి జీతానికీ మధ్య రెండు నెలల ఎడం ఉంటుందని అనుకునే లెక్క వేయండి. ఎడం అంతకన్నా తక్కువైతే మిగిలినది నిధిలోనే ఉంటుంది.

మూడు నెలల డబ్బును ఆరు నెలలకు సాగదీయడం మీ చేతిలో ఉన్న పనే. అందుకు సులభమైన మార్గం అద్దె. కుటుంబంతో కలిసి ఉండే వీలుంటే ఉద్యోగం ఖరారయ్యే వరకు అక్కడే ఉండండి, ఇంటర్వ్యూ కోసం ముందుగానే పెద్ద నగరానికి మకాం మార్చడం అనవసరం, తొలి దశ ఇంటర్వ్యూలు ఎన్నో ఇప్పుడు వీడియో ద్వారానే జరుగుతున్నాయి. ఖర్చు సగానికి తగ్గితే నిధి ఆరు నెలలు వస్తుంది. దానికి తోడు, తగ్గిన ఆ ఖర్చులో సగానికి సరిపడే ఆదాయం ఏదో ఒక పని ద్వారా వస్తే, అది పన్నెండు నెలలకు చేరుతుంది. మీరు తొమ్మిది నెలల ఖర్చంత అప్పు చేసి ఒక్క నెల సంపాదించబోయిన చోట, అప్పు లేకుండానే తొమ్మిది నెలలు అదనంగా దొరుకుతాయి.

ఆ పని మీ రంగంలోనిదే కావచ్చు. అకౌంటింగ్ ఉద్యోగాలు గ్రాడ్యుయేట్ బ్యాచ్‌లతోనే మొదలై ముగుస్తాయన్న అభిప్రాయం తప్పు. డెలాయిట్, పీడబ్ల్యూసీ, ఈవై, కేపీఎంజీ వంటి సంస్థలు ఒకేసారి చాలామందిని తీసుకుని శిక్షణ ఇస్తాయి కాబట్టి వాటికి నిర్ణీత తేదీలు అవసరం. చిన్న, మధ్యస్థాయి ఆడిట్ కార్యాలయాలకూ, వ్యాపార సంస్థల అకౌంట్స్ విభాగాలకూ ఆ అవసరం లేదు. ఒక ఉద్యోగి మానేసిన రోజున, పని పేరుకుపోయిన రోజున అవి మనిషి కోసం వెతుకుతాయి. బ్యాచ్‌తో పాటు పరీక్షలు ముగించిన వందలమంది పోటీకి లేని నెలల్లో మీరు అందుబాటులో ఉండడం నిజానికి మీకు అనుకూలించే విషయమే. ఏ సంస్థకు దరఖాస్తు చేస్తున్నారో దాని ఆర్థిక సంవత్సరం ఎప్పుడు ముగుస్తుందో ముందు తెలుసుకోండి: డిసెంబరు 31, మార్చి 31, జూన్ 30, సెప్టెంబరు 30 ఇలా సంస్థను బట్టి మారుతుంది. ఖాతాల ముగింపుకు ముందు, ఆడిట్ జరిగే తరువాతి నెలల్లో తాత్కాలిక సిబ్బంది అవసరం ఎక్కువ కాబట్టి, ముగింపు తేదీకి రెండు మూడు నెలల ముందే మీ దరఖాస్తు వారి దగ్గర ఉండాలి. బ్యాంకు రీకన్సిలియేషన్ (బ్యాంకు లెక్కను సంస్థ ఖాతా పుస్తకాలతో సరిపోల్చడం), సరఫరాదారుల చెల్లింపులు, ఖాతాదారుల నుంచి రావలసిన బకాయిలు, జీతాల లెక్కలు వంటి పనులను చిన్నవిగా భావించకండి. ఏ ఆడిట్ ఇంటర్వ్యూలోనైనా నిజమైన వోచర్లు చూసిన అభ్యర్థి మాటకు బరువు ఉంటుంది.

పెద్ద సంస్థలను వదులుకోవలసిన పని కూడా లేదు. వచ్చే బ్యాచ్ దరఖాస్తులు చాలా చోట్ల చేరికకు నెలల ముందే, కొన్నిచోట్ల ఏడాది ముందే తెరుచుకుంటాయి. మీరు కోల్పోయినది ఈ ఏటి గడువే కనుక, తరువాతి గడువు తేదీని ఈ రోజే రాసి పెట్టుకోండి. రెజ్యూమెలో స్నాతకోత్సవం తేదీ కాకుండా, చదువు పూర్తయ్యే నెలనూ, పనిలో చేరగలిగే తేదీనీ విడివిడిగా రాయండి. నియామక విభాగానికి మర్యాదగా ఒక ఉత్తరం రాసి, సంవత్సరం మధ్యలో రెండో విడత చేరిక ఉందా, లేకపోతే పని ఎక్కువగా ఉండే నెలల్లో తాత్కాలికంగా తీసుకుని తరువాత బ్యాచ్‌లో కలుపుకునే అవకాశం ఉందా అని అడగండి. అడిగినంత మాత్రాన పోయేదేమీ లేదు.

సర్టిఫికెట్ కోర్సు విషయంలో, మీ ఉత్తరంలో దాని పేరు కూడా లేదు, ఏ సంస్థ దాన్ని గుర్తిస్తుందో కూడా లేదు, అందువల్ల అప్పు చేసి కట్టవద్దని మాత్రమే చెప్పగలను. వృత్తి అర్హత ఏదైనా కావాలనుకుంటే, ముందు మీ డిగ్రీకి ఎన్ని పేపర్లలో మినహాయింపు దొరుకుతుందో చూసుకోండి. ఉదాహరణకు అంతర్జాతీయ అకౌంటెంట్ల వృత్తి సంస్థ ఏసీసీఏ పరీక్షలు ఏడాదిలో మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరు నెలల్లో జరుగుతాయి, కనుక ఒక్కో పేపరుకు ఒక్కోసారి రుసుము కట్టుకుంటూ జీతంతోనే ముందుకు వెళ్లవచ్చు. సభ్యత్వానికి కావలసిన 36 నెలల అనుభవాన్ని పరీక్షలకు ముందు గానీ, మధ్యలో గానీ, తరువాత గానీ సంపాదించుకోవచ్చు, అది పెద్ద ఆడిట్ సంస్థలోనిదే కానవసరం లేదు. చాలామంది యజమానులు ఈ రుసుములను తామే భరిస్తారు. ఇప్పుడు అప్పు తెచ్చి కట్టే డబ్బును ఎనిమిది నెలల తరువాత మీ యజమాని కట్టే అవకాశం ఉంది.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. కుటుంబ సభ్యులు సాయం చేస్తామంటే ఎంత, ఎప్పటిలోగా తిరిగి ఇవ్వాలన్నది కాగితం మీద రాసుకుని తీసుకోండి. చదువు కోసం ఇప్పటికే రుణం ఉంటే, వాయిదాలు మొదలయ్యే తేదీని ఇప్పుడే కనుక్కుని, గడువు పెంచమని తేదీకి ముందే అడగండి. విద్యార్థిగా మీకున్న ఆరోగ్య బీమా చదువుతో పాటే ముగిసిపోతుందేమో చూసుకుని, ఒక్క రోజు కూడా ఖాళీ లేకుండా వేరే రక్షణ ఏర్పాటు చేసుకోండి. క్రెడిట్ కార్డుతో నెల గడపడం గురించి మీరు అడగలేదు, అడగకపోవడమే మంచిది: నెలకు 3 శాతం వడ్డీ చక్రవడ్డీగా ఏడాదికి 42 శాతం దాటుతుంది.

ఈ వారంలోనే మూడు నెలల డబ్బును రోజువారీ ఖాతా నుంచి తీసి, అవసరమైతే ఒక్క రోజులో వెనక్కి తీసుకోగలిగే వేరే ఖాతాలో వేయండి, 12 నెలల పట్టిక పూర్తి చేయండి, రుణ యాప్‌కు ఇచ్చిన బ్యాంకు అనుమతులను రద్దు చేయండి. ఉద్యోగం వచ్చిన తరువాత కూడా ఈ నిధి ఆరు నెలల ఖర్చుకు చేరేవరకు ప్రతి జీతంలోంచి ముందుగా దానికే కొంత మళ్లించండి, పరీక్షల రుసుములు, పెట్టుబడులు, కొత్త ఇల్లు అన్నీ ఆ తరువాతే. పట్టిక తయారయ్యాక నిల్వ ఏ నెలలోనైనా సున్నాకు చేరుతున్నట్టు కనిపిస్తే, దాన్ని నాకు పంపండి, ఏ ఖర్చు తగ్గించాలో కలిసి చూద్దాం.