గేమ్ ఆఫ్ థ్రోన్స్ మొదటి సీజన్: మూడో ఎపిసోడ్ దగ్గర ఆగిపోకుండా ఎలా చూడాలి?

ప్రశ్న: రెండుసార్లు మొదలుపెట్టాను, రెండుసార్లూ మూడో ఎపిసోడ్ దగ్గరే వదిలేశాను. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలీదు. డ్రాగన్లన్నారు, యుద్ధాలన్నారు, ఒక్కటీ కనబడదు. పుస్తకం చదివేసి చూడాలా, ఇలాగే చూడొచ్చా?

జవాబు:

పుస్తకం ముందు అక్కర్లేదు. కానీ డ్రాగన్ల కోసం కూర్చుంటే మాత్రం మళ్ళీ అక్కడే లేస్తారు. మొదటి సీజన్ అసలు రూపం ఒక చావు మీద ఆరా. జాన్ ఎరిన్ అనే పెద్దాయన రాజుగారికి ‘హ్యాండ్’, అంటే ప్రధానమంత్రి లాంటి వాడు. కథ మొదలయ్యేసరికే పోయాడు. పోయేముందు ఆయన ఏం తవ్వుతున్నాడు? అది ఎవరికి ఇబ్బంది? ఆ పదవిలోకి వచ్చిన నెడ్ స్టార్క్ అదే దారిలో నడుస్తూ తెలుసుకునేదే కథ. ఉత్తరాన మంచు గోడ దగ్గర జరిగేదీ, సముద్రం అవతల డెనేరిస్ కథా ఈ సీజన్‌లో దీంతో దాదాపు కలవవు. అవి తర్వాతి సీజన్లకి విత్తనాలు. అక్కడ పేర్లు ఒకటీ అరా జారిపోయినా కొంపలేం మునగవు. రాజధాని కింగ్స్ లాండింగ్‌లో ఎవరు ఏ గదిలో ఎవరితో ఏమన్నారో జారిపోతే మాత్రం సీజన్ మొత్తం పోయినట్టే.

ఇక పేర్లు. ఇంటర్నెట్‌లో వంశవృక్షం వెతకకండి. పేరు సగం కొట్టగానే ‘ఫలానా వాడు ఎలా చనిపోయాడు’ అని సెర్చ్ బాక్సే చెప్పేస్తుంది. చిన్న కాగితం మీద ఈ చుట్టరికాలు రాసుకోండి. ఇవన్నీ మొదటి మూడు ఎపిసోడ్లలో వచ్చేవే, ముందు కథేమీ బయటపడదు.

నెడ్ భార్య క్యాట్లిన్, జాన్ ఎరిన్ భార్య లైసా అక్కచెల్లెళ్ళు, టల్లీ ఇంటి ఆడపిల్లలు. అంటే నెడ్‌కి పోయినాయన తోడల్లుడు. అంతకుముందు నుంచే పెంపుడు తండ్రి లాంటి వాడు కూడా, ఎందుకంటే చిన్నప్పుడు నెడ్, ఇప్పటి రాజు రాబర్ట్ ఇద్దరూ ఆయన దగ్గరే పెరిగారు. రాబర్ట్‌కి నెడ్ చెల్లెలు లియానాతో పెళ్ళి కుదిరింది, ఆమె చనిపోయింది. బావాబావమరుదులు కావాల్సిన స్నేహితులు కాలేకపోయారు కాబట్టే ఇప్పుడు వియ్యంకులవుదామని తన కొడుకు జాఫ్రీకి నెడ్ కూతురు సాన్సాని అడుగుతాడు రాజు. రాజు భార్య సెర్సీ, ఆమె కవల సోదరుడు జేమీ, వాళ్ళ తమ్ముడు టిరియన్, ముగ్గురికీ తండ్రి టైవిన్. అంటే టైవిన్ రాజుకి మామగారు, పైగా రాజ్యంలో అందరికంటే డబ్బున్నవాడు. ఆయన పేరు మొదటినుంచీ వినిపిస్తూనే ఉంటుంది, మనిషి తెర మీదికొచ్చేది ఏడో ఎపిసోడ్‌లో. రాబర్ట్ పెద్ద తమ్ముడు స్టానిస్ అయితే ఈ సీజన్‌లో అసలు కనిపించడు, మాటల్లోనే ఉంటాడు. ‘ఈయన్ని ఎక్కడో మిస్సయ్యానా’ అని వెనక్కి తిప్పి వెతకకండి. చిన్న తమ్ముడు రెన్లీ మాత్రం సభలోనే ఉంటాడు.

సముద్రం అవతల ఉన్న విసేరిస్, డెనేరిస్ ఇద్దరూ పాత రాజు ఏరిస్ పిల్లలు. ఆ పాత రాజు నెడ్ తండ్రినీ అన్ననీ చంపించాడు. ఆయన్ని పొడిచి చంపింది ఆయనకే అంగరక్షకుడైన జేమీ. ఇది కథ మొదలవడానికి 17 ఏళ్ళ ముందు సంగతి. జేమీని అందరూ అంత చులకనగా ఎందుకు చూస్తారో అర్థం కావాలంటే ఈ ఒక్క వాక్యం గుర్తుంటే చాలు.

చాలామంది తప్పటడుగు వేసేది ఒకేలా వినిపించే పేర్ల దగ్గర. జాన్‌లు ఇద్దరు: పోయిన జాన్ ఎరిన్, గోడ దగ్గరికి వెళ్ళే జాన్ స్నో. రాబర్ట్ రాజు, రాబ్ నెడ్ పెద్దకొడుకు. పుస్తకంలో లైసా కొడుకు పేరు కూడా రాబర్టే. టీవీలో గందరగోళం వద్దని రాబిన్ చేశారు. మోర్మాంట్‌లు ఇద్దరు, తండ్రీకొడుకులు: గోడ దగ్గర సేనాని జియోర్, డెనేరిస్ వెంట తిరిగే జోరా. క్లెగేన్‌లు అన్నదమ్ములు: కొండలా ఉండేవాడు గ్రెగార్, మొహం కాలినవాడు శాండోర్. గ్రెగార్ పాత్రధారి తర్వాతి సీజన్లలో మారిపోతాడు, అప్పుడు మళ్ళీ తికమకపడొద్దు.

మనకి మహాభారతంలో శంతనుడి దగ్గర్నుంచి పరీక్షిత్తు దాకా ఎవరి పేరు చెప్పినా తడబాటు ఉండదంటే చిన్నప్పటినుంచీ ముక్కలుముక్కలుగా విన్నాం కాబట్టి. ఇక్కడ ఆ పని మొదటి మూడు గంటల్లో జరగాలి. తయారుచేసినవాళ్ళకే మొదట ఇది కుదరలేదు. 2009లో తీసిన పైలట్ (నమూనా ఎపిసోడ్) చూపిస్తే, జేమీ, సెర్సీ తోబుట్టువులన్న సంగతే చూసినవాళ్ళకి అందలేదట. అది తెలియకపోతే ఆ ఎపిసోడ్ చివరి సీన్‌కి అర్థమే లేదు. దాంతో చాలా భాగం మళ్ళీ తీశారు. డెనేరిస్, క్యాట్లిన్ పాత్రల నటీమణులూ మారారు. ఇప్పుడు మీరు చూసే మొదటి ఎపిసోడ్‌లో జేమీ సెర్సీతో ‘నీ అన్నదమ్ముడిగా చెబుతున్నా’ అన్నట్టు మాట్లాడటం, స్టార్క్‌ల కోట వింటర్‌ఫెల్‌కి రాజు వచ్చినప్పుడు నెడ్ చిన్నకూతురు ఆర్యా ‘రాణిగారి కవల సోదరుడు’ అని వేలెత్తి చూపించడం ఆ జాగ్రత్తలో భాగమే. అలాంటి డైలాగు వినగానే కాగితం మీద రాసెయ్యండి.

మూడో ఎపిసోడ్ దగ్గర విసుగు రావడానికి అసలు కారణం వేరే ఉంది. ఈ సీజన్‌లో ఫ్లాష్‌బ్యాక్ లేదు. పుస్తకం ఎనిమిది మంది తలల్లోంచి నడుస్తుంది: నెడ్, క్యాట్లిన్, సాన్సా, ఆర్యా, నెడ్ కొడుకు బ్రాన్, జాన్ స్నో, టిరియన్, డెనేరిస్. పాత యుద్ధమంతా వాళ్ళ ఆలోచనల్లో వస్తుంది. టీవీలో ఆలోచన వినిపించలేరు, గతం చూపించకూడదనుకున్నారు, కాబట్టి బరువంతా ఇద్దరు మనుషులు కూర్చుని మాట్లాడుకునే సీన్ల మీద పడింది. ఫోన్ చూసుకుంటూ వదిలేసేది సరిగ్గా ఆ సీన్లనే. కనీసం వీటికైనా ఫోన్ పక్కన పెట్టండి: మొదటి ఎపిసోడ్‌లో సమాధుల గదిలో రాబర్ట్, నెడ్; మూడోదాంట్లో ఖాళీ సింహాసనం ముందు నెడ్, జేమీ; అదే ఎపిసోడ్‌లో ‘మొదట ఎవర్ని చంపావు’ అని రాబర్ట్ అడిగే సంభాషణ; ఐదోదాంట్లో రాబర్ట్, సెర్సీ ఒంటరిగా కూర్చుని వైన్ తాగుతూ తమ పెళ్ళి గురించి మాట్లాడుకోవడం.

ఆ చివరిది పుస్తకంలో లేదు, ఉండే అవకాశమూ లేదు, ఎందుకంటే వాళ్ళిద్దరి తలల్లోకీ రచయిత ఈ మొదటి పుస్తకంలో వెళ్ళడు. కొన్ని ఎపిసోడ్లు నిడివి చాలక పొట్టిగా వస్తే కొత్త సీన్లు రాయాల్సి వచ్చింది, ఇది అలా పుట్టింది. ఖర్చు ఒక గది, రెండు కుర్చీలు. నా లెక్కలో సీజన్ మొత్తంలో ఇంతకంటే బాగా రాసిన సీన్ లేదు. రాజుగారి సభలోని వేరిస్, లిటిల్‌ఫింగర్ సింహాసనం గదిలో ఎత్తిపొడుచుకునేదీ, టైవిన్ దుప్పి తోలు ఒలుస్తూ జేమీకి పాఠం చెప్పేదీ కూడా టీవీ కోసం కల్పించినవే.

చూసే పద్ధతి. మొత్తం 10 ఎపిసోడ్లు, ఒక్కోటి గంటకి కాస్త అటూఇటూ. 1, 2 ఒకేసారి చూడండి. రెండోదాంట్లో గానీ మనుషులు తలో దారి పట్టరు. 3, 4 కలిపి చూడండి. మూడోది ఒక్కటే చూసి ఆపితే అందరూ ఊళ్ళు చేరారు తప్ప ఏమీ జరగలేదనిపిస్తుంది, మీకు జరిగింది అదే. నాలుగో ఎపిసోడ్ చివర్లో ఒక సత్రంలో క్యాట్లిన్ చేసే పనితో కథకి నిప్పంటుకుంటుంది, ఆ తర్వాత ఆపడం కష్టం. ఐదోది విడిగా, తీరిగ్గా చూడండి. 9, 10 మాత్రం ఒకే రాత్రి పూర్తయ్యేలా పెట్టుకోండి.

ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ తప్పనిసరి, భాష రాక కాదు, పేర్ల స్పెల్లింగ్ కంటికి ఆనితే గుర్తుంటుంది. యాస కూడా గమనించండి: నెడ్ వైపువాళ్ళు ఉత్తర ఇంగ్లండ్ యాసలో మాట్లాడతారు, లానిస్టర్లు (టైవిన్, సెర్సీ వాళ్ళ వంశం) దొరల ఇంగ్లీషులో. టైటిల్స్ దాటెయ్యకండి. ఆ మ్యాప్ ప్రతిసారీ ఒకటి కాదు. ఆ ఎపిసోడ్‌లో కథ ఎక్కడ జరుగుతుందో ఆ ఊళ్ళే లేచి నిలబడతాయి. మొదట్లో పెంటోస్ ఉంటుంది, డెనేరిస్ ముందుకెళ్ళాక దాని చోట వేస్ దోత్రాక్ వస్తుంది. ఆ టైటిల్స్‌కి ఎమ్మీ అవార్డు కూడా వచ్చింది.

ఇంకో మాట. అమ్మానాన్నలు హాల్లో ఉండగా మొదటి ఎపిసోడ్ పెట్టకండి. నగ్న దృశ్యాలూ రక్తపాతమూ బాగా ఉన్నాయి. అలాగని కత్తిరించిన ప్రింట్ చూసినా నష్టమే. ఇక్కడ ముఖ్యమైన సమాచారాన్ని కావాలనే అలాంటి దృశ్యాల మధ్య పెట్టారు. ఏడో ఎపిసోడ్‌లో లిటిల్‌ఫింగర్ తనకి ఏం కావాలో, ఎందుకు కావాలో మొత్తం విప్పి చెప్పేది తన వేశ్యాగృహంలో. ఆ సీన్ కట్ అయితే అదే ఎపిసోడ్ చివర్లో అతను చేసేది ఊడిపడినట్టు కనిపిస్తుంది. ఒంటరిగా, హెడ్‌ఫోన్స్‌తో, పూర్తి ప్రింట్ చూడండి.

జాన్ ఎరిన్‌కి విషం ఎవరు పెట్టారన్న ప్రశ్నకి ఈ సీజన్‌లో జవాబు కోసం చూడకండి. ఆయన దేని గురించి ఆరా తీశాడో తెలుస్తుంది, చేసిందెవరో నాలుగో సీజన్‌లో గానీ చెప్పరు. బ్రాన్ మీదికి కత్తితో మనిషిని పంపిందెవరన్నదీ ఇక్కడ తేలదు.

పుస్తకం సీజన్ అయ్యాక చదవండి. 1996లో వచ్చిన మొదటి నవలనే ఈ సీజన్ దాదాపు అధ్యాయం వెంట అధ్యాయంగా అనుసరించింది. ఉపోద్ఘాతం కాక 72 అధ్యాయాలు, మొదలూ ముగింపూ రెండింట్లోనూ ఒకటే. కాబట్టి ముందు చదివితే మలుపులు పోతాయి, తర్వాత చదివితే ఎవరెందుకలా చేశారో తెలుస్తుంది. పెద్ద తేడా వయసులు. పుస్తకంలో బ్రాన్‌కి 7, రాబ్‌కీ జాన్ స్నోకీ 14, డెనేరిస్‌కి 13. టీవీలో అందరినీ పెంచారు. పుస్తకంలో రాబ్ తడబాటు పద్నాలుగేళ్ళ పిల్లాడి తడబాటు అని గుర్తుంచుకుని చదవండి.

ఇక్కడినుంచి తొమ్మిదో ఎపిసోడ్ చూసినవాళ్ళకి మాత్రమే. మీరు ఇక్కడ ఆగిపోండి.

నెడ్ చచ్చిపోవడం అన్యాయమని చాలామంది అక్కడే వదిలేస్తారు. పోస్టర్ మీద సింహాసనం ఎక్కి కూర్చున్న మనిషి కాబట్టి హీరో అనుకోవడం సహజం. కానీ ఆరు, ఏడు ఎపిసోడ్లు మళ్ళీ చూస్తే అతను మూసుకున్న తలుపులు వరసగా కనబడతాయి. రాజుకి చెప్పకముందే, పిల్లల మీద జాలితో సెర్సీకి నిజం చెప్పి పారిపొమ్మంటాడు. చావుబతుకుల్లో ఉన్న రాజు చెబుతుంటే వీలునామాలో ‘జాఫ్రీ’ అన్నచోట ‘న్యాయమైన వారసుడు’ అని రాస్తాడు, తీరా ఆ కాగితాన్ని సభలోనే సెర్సీ చించేస్తుంది. రెన్లీ వంద కత్తులు ఇస్తానంటే వద్దంటాడు. నగర రక్షకుల్ని కొనే పని లిటిల్‌ఫింగర్‌కి అప్పజెబుతాడు. ప్రతి ఒక్కటీ మంచితనంతో చేసిందే, ప్రతి ఒక్కటీ ఎదుటివాళ్ళకి టైమిచ్చింది.

తొమ్మిదో ఎపిసోడ్ పేరు బేలోర్. శిక్షకి నడిపించుకెళ్తుంటే జనంలో ఉన్న యోరెన్‌తో నెడ్ అనే మాట అదే: ఆర్యా బేలోర్ విగ్రహం దగ్గర ఉంది, పట్టుకో అని. టీవీవాళ్ళు చేర్చినది. పుస్తకంలో ఆర్యాని యోరెన్ తనంతట తానే చూస్తాడు.

అదే ఎపిసోడ్‌లో రెండు యుద్ధాలు తెర వెనకే అయిపోతాయి. టిరియన్ తలకి దెబ్బ తగిలి పడిపోతాడు, లేచేసరికి ఒకటి ముగుస్తుంది. పుస్తకంలో అతను గొడ్డలి పట్టి యుద్ధం చేస్తాడు. జేమీ పట్టుబడేది రెండోది, అదీ చూపించరు. కారణం డబ్బు. రెండో సీజన్ తొమ్మిదో ఎపిసోడ్‌లో మాత్రం అదనంగా డబ్బు అడిగి తెచ్చుకుని ఒకే యుద్ధం మీద ధారపోశారు. రెండో సీజన్‌కి వెళ్ళగానే కింగ్స్ లాండింగ్ వీధులు వేరేగా కనిపిస్తాయి. మొదటి సీజన్‌లో ఆ వీధుల షూటింగ్ మాల్టాలో జరిగింది, రెండో సీజన్ నుంచి క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్‌కి మార్చారు.