స్టాలిన్ ముందు ‘వద్దు’, తర్వాత ‘సరే’ ఎందుకన్నాడు?

ప్రశ్న: బీఏ రెండో ఏడాది చదువుతున్నాను. సివిల్స్ మెయిన్స్ తెలుగులో రాయాలనుకుంటున్నాను. 1950లో దక్షిణ కొరియాపై ఉత్తర కొరియా నేత కిమ్ ఇల్ సుంగ్ చేసిన దాడికి సోవియట్ యూనియన్ ఎందుకు అండగా నిలిచిందన్న 15 మార్కుల మాదిరి ప్రశ్నకు ‘కమ్యూనిజం వ్యాప్తి కోసం’ అని రాస్తే 4 మార్కులే వేశారు. లోపం ఎక్కడ?

జవాబు: మీరు రాసింది తప్పు కాదు, కానీ చాలదు. కమ్యూనిజం 1949లోనూ ఉంది. ఆ ఏడాది మార్చిలో కిమ్ మాస్కో వెళ్లి దాడికి సాయం అడిగితే సోవియట్ అధినేత స్టాలిన్ ఒప్పుకోలేదు. సెప్టెంబరు 24న పొలిట్‌బ్యూరో (సోవియట్ కమ్యూనిస్టు పార్టీ అగ్రనేతల మండలి) కూడా కాదంది. 1950 జనవరి 30న మాత్రం ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్‌లోని సోవియట్ రాయబారి ష్తికోవ్‌కు, సాయానికి సిద్ధమేనని కిమ్‌తో చెప్పమంటూ స్టాలిన్ టెలిగ్రామ్ పంపాడు. దాంతోపాటే ఏడాదికి కనీసం 25,000 టన్నుల సీసం కావాలనీ అడిగాడు. ఈ నాలుగు నెలల్లో ఏం మారిందో చెబితేనే మార్కులు పడతాయి.

చాలామంది అణుబాంబు దగ్గర పొరబడతారు. సోవియట్ తొలి అణుపరీక్ష 1949 ఆగస్టు 29న జరిగింది. పొలిట్‌బ్యూరో కాదన్నది ఆ తర్వాతే. కాబట్టి బాంబు ధైర్యాన్నిచ్చిందని రాయొచ్చు గానీ, అదొక్కటే కారణమంటే నిలవదు. అసలు మలుపులు ఆ తర్వాతివి. అక్టోబరు 1న చైనాలో మావో ప్రభుత్వం ఏర్పడింది, అమెరికా అడ్డుపడలేదు. 1950 జనవరి 12న అమెరికా విదేశాంగ మంత్రి అచెసన్ తమ రక్షణ రేఖను వివరిస్తూ కొరియాను అందులో చేర్చలేదు. జనవరిలో చర్చలు నడిచి ఫిబ్రవరి 14న కుదిరిన ఒప్పందంతో, చైనా గడ్డపై తమకు హక్కులున్న లుషున్ నౌకాస్థావరాన్ని, చాంగ్‌చున్ రైల్వేను చైనాకు తిరిగి ఇచ్చేందుకు స్టాలిన్ అంగీకరించాడు. ఆ లోటును కొరియా రేవులతో పూడ్చుకోవాలనుకున్నాడన్నది కొందరు చరిత్రకారుల వాదన. దీన్ని వాదనగానే రాయండి.

మరో పేరా షరతులకు కేటాయించండి. దాడికి మావో సమ్మతి ఉండాలని స్టాలిన్ అన్నాడు, కిమ్ మే 13న బీజింగ్ వెళ్లాడు. అమెరికా దిగితే సోవియట్ సైన్యం నేరుగా పోరాడదని ముందే తేల్చాడు. ఆయుధాలు, సలహాదారులు, దాడి ప్రణాళిక తనవి, ప్రాణనష్టం మిత్రులది. అమెరికా దిగాక, అక్టోబరులో చైనా-కొరియా సరిహద్దులోని యాలు నది దాటి పోరులోకి వచ్చింది చైనా సైనికులే. తక్కువ ఖర్చుతో లాభం వస్తుందన్న ఆ లెక్కను చూపిస్తే జవాబు బలపడుతుంది.

ఇంకో జాగ్రత్త. అమెరికా కొరియాలో చిక్కుకుపోవడం తమకు మేలని స్టాలిన్ 1950 ఆగస్టు 27న చెకొస్లొవాకియా అధ్యక్షుడు గాట్వాల్డ్‌కు రాశాడు. దీన్ని దాడికి ముందే ఉన్న ఉద్దేశంగా చూపకండి. యుద్ధం మొదలైన రెండు నెలలకు రాసింది కాబట్టి, జరిగినదానికి ఇచ్చుకున్న సమర్థన కూడా కావచ్చు.

మెయిన్స్‌లో 15 మార్కులకు 250 పదాలు, దాదాపు 11 నిమిషాలు. పరిచయానికి రెండు వాక్యాలు చాలు. 1949 తిరస్కరణతోనే మొదలుపెట్టండి. మలుపులకు 120 పదాలు, షరతులకు 60, ముగింపులో 1953 జులై 27 నాటి కాల్పుల విరమణ. భావజాలానికి ఒక్క వాక్యం ఇవ్వండి.

ఇది వచ్చాక 1978 డిసెంబరులో కంబోడియాపై వియత్నాం దాడిని ఇదే పద్ధతిలో రాయండి. సోవియట్-వియత్నాం ఒప్పందం అంతకు ముందు నెల 3న కుదిరింది. అక్కడ మాస్కోకు ప్రత్యర్థి అమెరికా కన్నా చైనాయే. ఈ తేడా మీ మొదటి పేరాలోనే కనిపించాలి.