సైరన్ లేకుండా లైట్లతోనే అంబులెన్సు పోతుంటే అర్జంటు కానట్టేనా?

మీరు అడిగినవి మూడు. బళ్లారి చౌరస్తా దగ్గర రాత్రిపూట సైరన్ లేకుండా, లైట్లు మాత్రం వేసుకుని పోయిన అంబులెన్సు నిజంగా అర్జంటు మీద పోతున్నదేనా? పేషెంట్ లేని బండికి సైరన్ ఎందుకు? సినిమాల్లో లాగా మేం రేడియోలో కోడ్ భాష మాట్లాడుకుంటామా? నేను కర్నూలు చుట్టుపక్కల 108లో ఈఎంటీగా, అంటే బండిలో పేషెంట్‌ను చూసుకునే టెక్నీషియన్‌గా తొమ్మిదేళ్లు చేశాను. బండి నడిపే అతన్ని మేం పైలట్ అంటాం. సైరన్ స్విచ్ అతని చేతి దగ్గరే ఉంటుంది, కానీ ఆపమని చాలాసార్లు వెనకనుంచి చెప్పేది నేనే.

సైరన్ ఆపామంటే పేషెంట్ బాగున్నట్టు కాదు. ఒక్కోసారి పరిస్థితి మరీ సున్నితంగా ఉందని అర్థం.

ఒకసారి కోడుమూరు వైపు నుంచి ఎనిమిదో నెల కడుపుతో ఉన్న అమ్మాయిని తెస్తున్నాం. ఇంట్లోనే ఒకసారి ఫిట్స్ వచ్చాయి. బీపీ 180/120. ఇలాంటి కేసులో పెద్ద శబ్దం, కళ్లలోకి వెలుగు తగిలితే ఫిట్స్ మళ్లీ రేగొచ్చని మాకు ట్రైనింగులోనే చెప్తారు. లోపల లైటు తగ్గించి, ఆమెను ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టి, సైరన్ ఆపమన్నాను. పక్కన కూర్చున్న అత్తకు కోపం వచ్చింది. "ఏమప్పా, కూత ఆపేస్తివి? మేమేమన్నా పెండ్లికి పోతాండామా?" అంది. ఆమె కోపం న్యాయమే. రాజశేఖరరెడ్డి గారు సభల్లో "కుయ్ కుయ్" అని చెప్పినప్పటి నుంచి మన జనానికి 108 అంటేనే ఆ కూత. అది ఆగిందంటే ఆశ వదిలేసుకున్నారనుకుంటారు. సంగతి చెప్పాను. ఆమె ఇంకేం మాట్లాడలేదు. కోడలి చేతి గాజులు స్ట్రెచర్ కమ్మీకి తగిలి గలగలమంటుంటే తన కొంగు తీసి ఆ చేతికి చుట్టింది. కర్నూలు పెద్దాసుపత్రి చేరేదాకా ఆ చెయ్యి వదల్లేదు. దారిలో మళ్లీ ఫిట్స్ రాలేదు.

గుండెనొప్పి పేషెంట్లకూ అంతే. తల మీద సైరన్ మోగుతుంటే టెన్షన్ పెరుగుతుంది, దాంతోపాటు గుండె వేగమూ పెరుగుతుంది. మా పనికీ అది అడ్డమే. సైరన్ మోగుతుంటే స్టెతస్కోపులో ఏమీ వినపడదు. బీపీ చూడాలంటే మణికట్టు దగ్గర నాడి పట్టుకుని పై అంకె ఒక్కటే రాసుకోవాలి, కింది అంకె దొరకదు.

అయితే సైరన్ వల్ల మిగిలే టైమెంత? అమెరికాలో గ్రీన్‌విల్ అనే ఊళ్లో చేసి 1995లో ప్రచురించిన పరిశీలనలో, ఆసుపత్రికి పోయే దారిలో సైరన్‌తో సగటున మిగిలింది 43 సెకన్లే. మన రోడ్లు వేరు, నిజమే. అయినా నా అనుభవంలో డోన్ నుంచి కర్నూలుకు హైవే మీద సైరన్ చేసే పని తక్కువ. అసలు అవసరం రాజ్‌విహార్, పాత బస్టాండు లాంటి చోట్లే. జంక్షన్ దగ్గర సాగదీసే కూత ఆపి గబగబా కొట్టే కూతకు మారుస్తాం, శబ్దం మారితేనే జనం తల తిప్పుతారు కాబట్టి. రెండు పక్కలా మేడలున్న వీధిలో శబ్దం గోడలకు తగిలి తిరిగొస్తుంది, బండి ఎటునుంచి వస్తోందో ఎవరికీ తెలియదు. అద్దాలు బిగించి ఏసీ వేసుకున్న కారు డ్రైవరుకు బాగా దగ్గరికొచ్చేదాకా వినపడదు కూడా. అందుకే లైట్లు. 2017 మే 1 నుంచి నాయకుల, అధికారుల కార్ల మీద ఎర్రబుగ్గలు తీసేశాక ఆ లైట్లకు విలువ పెరిగిందనే నా అభిప్రాయం.

ఇక ఖాళీ బండి. దీనికి మేం తిన్నన్ని తిట్లు దేనికీ తినలేదు. "లోపల ఎవరూ లేరు, టీ తాగడానికి పోతున్నారు" అంటారు. ఆలోచించండి, పేషెంట్ బండెక్కాక పక్కన నేనుంటాను, ఆక్సిజన్ ఉంటుంది. ఎక్కకముందు ఆ మనిషి శెనక్కాయల చేనులో పాము కరిచి ఒంటరిగా పడి ఉండొచ్చు. అతని దగ్గరికి పోయే బండికే దారి ఎక్కువ అవసరం. సైరన్‌ను దుర్వినియోగం చేసేవాళ్లు లేరని నేననను. కానీ రోడ్డు మీద నిలబడి లోపలున్నది ఎవరో మీరు తేల్చలేరు.

కోడ్‌ల విషయానికొస్తే, అమెరికాలో చాలాచోట్ల "కోడ్ 3" అంటే లైట్లు, సైరన్ వేసుకుని రమ్మని. "10-4" అంటే సరే, విన్నాను అని. ఒక్కో శాఖకు ఒక్కో అర్థం ఉండి గందరగోళమవుతోందని, పలు శాఖలు కలిసి పనిచేసే ప్రమాదాల్లో మామూలు మాటల్లోనే మాట్లాడమని 2006లో అక్కడి ప్రభుత్వమే చెప్పింది. మాకు అలాంటివి లేవు. కాల్ సెంటర్ నుంచి కేసు ఫోన్‌కు వస్తుంది. చేరాక "సీన్ రీచ్ అయినాం" అంటాం. మందు ఇవ్వాలంటే కాల్ సెంటర్‌లో ఉన్న డాక్టరుతో మాట్లాడతాం. మీకు కోడ్‌లా వినిపించేవి అంకెలే. "జీసీఎస్ 9" అంటే స్పృహ బాగా తగ్గిందని. పూర్తి స్పృహ ఉంటే 15, అసలు లేకపోతే 3. పక్కనే తల్లి కూర్చుని ఉంటే ఆ మాట విడమరిచి గట్టిగా అనలేం కదా.

అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే మోటారు వాహనాల చట్టం 194ఈ కింద 10,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. అయితే భయపడి నడిరోడ్డు మీద సడన్ బ్రేక్ వేస్తే మాకు ఇంకా కష్టం. ఇండికేటర్ వేసి మెల్లగా ఎడమకు జరగండి, మేం కుడివైపు నుంచి పోతాం. మా వెనకే దూరి రావద్దు. మేం పోయిన వెంటనే రోడ్డు మధ్యకు రావద్దు కూడా. హైవే మీద పెద్ద యాక్సిడెంటయితే రెండు మూడు బండ్లు పంపుతారు, వెనక ఇంకోటి వస్తూ ఉండొచ్చు.