గంజాయి నూనె గురించి అడిగిన రాజోలు చెల్లికి

చెల్లీ, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు) నొప్పి మాత్రలకు ఆగడం లేదని, తెలిసినవాళ్లు గంజాయి నూనె తెప్పిస్తామంటున్నారని, వాడొచ్చా అని అడిగావు. నాదీ అదే జబ్బు. పాలకొల్లు బస్సులో చించినాడ వంతెన దాటేలోపు ముందు సీటు కమ్మీ పట్టుకుని కళ్లు మూసుకున్న రోజులున్నాయి. నీ ఆత్రం నాకు తెలుసు.

ఆ నూనె మాత్రం తీసుకోకు. ఆస్ట్రేలియాలో దాన్ని డాక్టరు చీటీ మీద ఇస్తారు. నొప్పి తగ్గింది, నిద్ర పట్టింది అని అక్కడి ఆడవాళ్లు సర్వేల్లో చెప్పారు. అది కొట్టిపారేసే మాట కాదు, కానీ గట్టి క్లినికల్ ట్రయల్స్ ఇంకా రావాలి. అక్కడి సీసా మీద గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీ ఎంత, మత్తు లేని సీబీడీ ఎంత అని ఉంటుంది. నీకిచ్చే సీసాలో ఏముందో ఇచ్చేవాళ్లకే తెలియదు. పైగా 1985 ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టం కింద కేసు, కొద్ది మొత్తానికైనా ఏడాది దాకా జైలు పడొచ్చు. సంక్రాంతి తర్వాత పిల్లల కోసం చూస్తామన్నావు, గర్భంలో బిడ్డకు టీహెచ్‌సీ చేరుతుంది. అందుకే అసలు వద్దు.

మెఫెనమిక్ యాసిడ్ మాత్ర నొప్పి ముదిరాక కాదు, మొదలవగానే, అన్నం తిన్నాక వేసుకో. కడుపులో అల్సర్, కిడ్నీ సమస్య, ఆస్తమా ఉంటే ముందే డాక్టరుకి చెప్పు. డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర గురించి, లాప్రోస్కోపీ (చిన్న కోతతో కెమెరా పెట్టి చేసే ఆపరేషన్) గురించి గైనకాలజిస్టుని అడుగు. పిల్లల ఆలోచన కూడా చెప్పు, ఎందుకంటే డైనోజెస్ట్ వాడుతుండగా గర్భం రావడం కష్టం. ఇంట్లో క్యాలెండర్ మీద నొప్పి ఏ రోజు, ఎన్ని గంటలు, ఎన్ని మాత్రలు అని రాసి, ఆ కాగితం పట్టుకెళ్లు. నాకు "ఆడవాళ్లకి మామూలేనమ్మా" అన్న డాక్టరు, ఆ కాగితం చూశాకే స్కాన్ రాశారు.