అక్కావాళ్లు వచ్చిన ఆదివారం: 10,361 రూపాయల లెక్క

ప్రశ్న: హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, చేతికి 58,000 వస్తుంది. కూకట్‌పల్లిలో అద్దె ఇల్లు. నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల పాప, మా అమ్మ ఉంటాం. వేసవి సెలవుల్లో కాకినాడ నుంచి అక్కా బావా, వాళ్ల ఇద్దరు పిల్లలు వచ్చారు. ఒక ఆదివారం అందరం సినిమాకి వెళ్లి, బయటే భోంచేసి వచ్చాం. ఇంటికొచ్చి బిల్లులన్నీ కూడితే 10,361 అయింది. బావ ప్రతి చోటా ఇవ్వబోయినా ఆపేసి, చాలావరకు క్రెడిట్ కార్డు మీద పెట్టాను. బిల్లుల ఫొటోలు, కార్డు స్టేట్‌మెంట్ పంపుతున్నాను. ఆ నెల మిగతా ఖర్చులతో కలిపి కార్డు బిల్లు 38,400 వచ్చింది. మూడు నెలలుగా మినిమమ్ డ్యూ (బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం) మాత్రమే కడుతున్నాను, కార్డు మళ్లీ ముట్టుకోలేదు, అయినా బాకీ కదలట్లేదు. సేవింగ్స్ ఖాతాలో 45,000 ఉంది కానీ అది అత్యవసరానికని అలాగే ఉంచాను. "మా వాళ్లొస్తే నాలుగు వేలు దాటనివ్వరు" అని, ఇంటి ఖర్చు బాగా చూసే మా ఆవిడ కోపం. దసరాకి తమ్ముడి కుటుంబం వస్తోంది. అక్క కోసం పెట్టినదానికి లెక్కలు చూసుకోవడం తప్పా? వచ్చినవాళ్లకి వద్దని ఎలా చెప్పాలి?

జవాబు: లెక్క చూసుకోవడం తప్పేమీ కాదండీ, ఇంటికొచ్చాక చూసుకున్నారు, అక్కడే వచ్చింది చిక్కు. వద్దని చెప్పాల్సిన పని కూడా లేదు. అక్క ప్రతి వేసవికీ వస్తుంది, తమ్ముడు దసరాకి వస్తాడు, మధ్యలో మీ ఆవిడ వాళ్లు ఒకసారి వస్తారు, ఇందులో మీకు తెలియనిది ఏదీ లేదు కదా, అయినా ప్రతిసారీ అది నెత్తిన పిడుగు పడ్డట్టే వచ్చి కార్డు మీద పడుతోంది. స్కూలు ఫీజు జూన్‌లో కట్టాలని తెలిసి ముందే సర్దుకుంటాం. చుట్టాల ఖర్చు విషయంలో మాత్రం "వాళ్లు వచ్చినప్పుడు చూద్దాంలే" అనుకుంటాం, ముందే లెక్కేస్తే అదేదో పిసినారితనం అయినట్టు.

ముందు కార్డు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఆ ఆదివారం కంటే ఆ తర్వాతి మూడు నెలలే మీకు ఎక్కువ ఖరీదు పడ్డాయి. మీరు పంపిన స్టేట్‌మెంట్‌లో వడ్డీ నెలకు 3.75 శాతం అని ఉంది, అంటే ఏడాదికి 45 శాతం. 38,400 మీద ఒక నెల వడ్డీ 1,440, దాని మీద 18 శాతం జీఎస్టీ 259, కలిపి 1,699. మీ మినిమమ్ డ్యూ ఐదు శాతం, అంటే 1,920. అందులో బాకీకి చేరింది 221 రూపాయలు! మూడు నెలలకి కలిపి మీరు 5,700 పైన కట్టారు, అసలు తగ్గింది 660 దగ్గర. "బాకీ కదలట్లేదు" అని రాశారు, కదులుతోంది, నత్త కదిలినట్టు. ఇంకో మాట, బిల్లు పూర్తిగా కట్టకపోతే వడ్డీ గడువు తేదీ నుంచి కాదు, కొన్న రోజు నుంచే లెక్కేస్తారు, ఆ బాకీ ఉన్నంతకాలం కొత్తగా ఏం కొన్నా దానికీ మొదటి రోజు నుంచే వడ్డీ. కార్డు ముట్టుకోకుండా ఉండటం మీరు చేసిన మంచి పని.

ఇప్పుడు మీ సేవింగ్స్‌లో ఉన్న 45,000. దాని మీద బ్యాంకు మీకిచ్చేది ఏడాదికి మూడు శాతం అటూ ఇటూ. పక్కనే ఉన్న బాకీకి మీరు కట్టేది 45 శాతం, జీఎస్టీ అదనం. ఆ డబ్బుని అత్యవసరానికని దాచానని అంటున్నారు, నా దృష్టిలో ఈ బాకీయే ఇప్పుడు మీ అత్యవసరం. ఇవాళే బ్యాంకు యాప్ తెరిచి మిగిలిన 37,700 చిల్లర మొత్తం కట్టేయండి. చేతిలో ఏడు వేలే మిగులుతాయి, రేపు ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఎలా అని మీకు టెన్షన్ రావచ్చు, సహజమే. కానీ బాకీ కట్టేస్తే కార్డులో అంత లిమిట్ ఖాళీ అవుతుంది, నిజంగా ఆసుపత్రి అవసరమే వస్తే అప్పుడు వాడుకోవచ్చు. ఆ అవసరం రాకముందే దానికి వడ్డీ కడుతూ కూర్చోవడం ఎందుకు? ఇన్నాళ్లూ మినిమమ్ డ్యూకి పోయిన 1,900 వచ్చే నెల నుంచి సేవింగ్స్‌కి తిప్పండి, దానికి ఇంకాస్త కలపగలిగితే మళ్లీ నిండుతుంది. తర్వాతి బిల్లులో చిన్న మొత్తం వడ్డీ మళ్లీ కనిపిస్తే కంగారు పడకండి, అది బిల్లు తయారైన తేదీకీ మీరు కట్టిన తేదీకీ మధ్య రోజులది, అదీ కట్టేస్తే ఆ గొడవ వదులుతుంది.

సరే, ఇక ఆదివారానికి వద్దాం. మీరు ఓపిగ్గా బిల్లులన్నీ ఫొటోలు తీసి పంపారు, నాకు ఇలాంటివి చదవడం సరదా. టికెట్లు ఒక్కోటి 295, ఎనిమిదికి 2,360, ఆన్‌లైన్‌లో బుక్ చేసినందుకు కన్వీనియన్స్ ఫీజు 296. ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్, కూల్‌డ్రింకులు 2,180. భోజనం 3,465. రెండేసి క్యాబులు రానూ పోనూ 1,340. చివర్లో ఐస్‌క్రీములు 720.

టికెట్ కంటే నన్ను ఆపింది ఆ 2,180. పొద్దున్న ఎనిమిదింటికి ఇడ్లీ తిని, పదకొండు గంటల ఆటకి వెళ్లారు. ఇంటర్వెల్ పన్నెండున్నరకి పడింది, నలుగురు పెద్దవాళ్లూ ముగ్గురు పిల్లలూ ఆకలి మీద ఉన్నారు, ఎదురుగా పాప్‌కార్న్ వాసన! అక్కడ ఎవరూ ధర చూడరు, చూసినా చుట్టాల ముందు "పెద్దది వద్దు, చిన్నది చాలు" అనలేరు. (అమ్మగారు మాత్రం నాకేమీ వద్దన్నారట, పెద్దవాళ్లందరి సంగతీ ఇంతే, తర్వాత హోటల్లో పెరుగన్నం 190 పడింది.) మళ్లీ బయటికొచ్చాక రెండున్నరకి మరోసారి ఆకలి, అప్పుడు ఆర్డరు ఇచ్చేవాడికి కళ్లే తప్ప కడుపు గుర్తుండదు. అదే వరస మార్చి, పన్నెండింటికి శుభ్రంగా భోంచేసి మ్యాట్నీకి వెళ్లుంటే, కడుపు నిండినవాళ్లు ఇంటర్వెల్‌లో పిల్లల కోసం ఒకటో రెండో పాప్‌కార్న్ కొని ఊరుకునేవారు. ఎవరినీ ఏదీ వద్దనక్కర్లేకుండా వెయ్యీ పదిహేను వందలు మిగిలేవి. మంచినీళ్ల సీసాలు కూడా నాలుగు కొన్నారు బిల్లులో. బయటి తిండి లోపలికి రానివ్వని హక్కు థియేటర్‌కి ఉందని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, అదే తీర్పులో ప్రేక్షకులకి మంచినీళ్లు ఉచితంగా పెట్టాలని కూడా చెప్పింది. అడగండి, చూపిస్తారు.

టికెట్ 295 ఎందుకంటే, తెలంగాణలో మల్టీప్లెక్స్ మామూలు సీటుకి 2021 డిసెంబర్ జీవో ప్రకారం గరిష్ఠం 250, వంద దాటిన టికెట్‌కి 18 శాతం జీఎస్టీ, అది 45. ఏసీ ఉన్న సింగిల్ స్క్రీన్‌లో గరిష్ఠం 150, పన్నుతో 177. పెద్ద హీరో సినిమా అయితే మొదటి వారం రేటు పెంచుకోవడానికి ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకుంటారు, అప్పుడు ఈ లెక్కలేవీ పనిచేయవు. మీ తమ్ముడు అభిమాని అయితే మొదటి రోజే చూడాలంటాడు, అలాంటప్పుడు ఆ టికెట్ ఆయన్నే కొననివ్వండి! మిగతావాళ్లకి రెండో వారమైనా ఒకటే. ఎనిమిది మందికి 177 చొప్పున 1,416, కౌంటర్ దగ్గర కొంటే కన్వీనియన్స్ ఫీజు ఉండదు. మీ ఖర్చుతో పోలిస్తే 1,240 తేడా.

హోటల్ బిల్లులో ఇంకొకటి చూశాను. తిన్నది 3,000, దాని మీద సర్వీస్ చార్జి అని 300 వేసి, ఆ మొత్తం మీద ఐదు శాతం జీఎస్టీ వేశారు. సర్వీస్ చార్జి ప్రభుత్వ పన్ను కాదు, బలవంతంగా వసూలు చేయకూడదని వినియోగదారుల రక్షణ అథారిటీ 2022లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమని మర్యాదగా అడగండి. బావగారి ముందు గొడవ ఎందుకనుకుంటే, చేతులు కడుక్కునే నెపంతో లేచి కౌంటర్ దగ్గర చెప్పిరండి. నేను అలాగే చేస్తాను.

బావగారంటే గుర్తొచ్చింది. ఆయన ప్రతి చోటా జేబులో చెయ్యి పెడుతుంటే మీరు ఆపేశారని రాశారు. పుట్టింటికొచ్చిన ఆడపడుచు చేత ఖర్చు పెట్టించకూడదన్న మీ పట్టింపు నాకు అర్థమవుతుంది. అమ్మగారు మీ దగ్గరే ఉన్నారు కాబట్టి మీ అద్దె ఇల్లే అక్కగారికి పుట్టిల్లు, నిజమే. కానీ సంక్రాంతికి మీరు నలుగురూ కాకినాడ వెళ్లి ఐదు రోజులుంటే ఆయన లెక్క చూస్తున్నాడా? ఐస్‌క్రీములో ఆటోలో ఆయన్ని ఇవ్వనివ్వండి. ఎప్పుడూ పెట్టించుకునే మనిషిగా మిగిలిపోవడం ఏ అల్లుడికీ ఇష్టం ఉండదు. మా బాబాయి ఒకసారి తెనాలి నుంచి వస్తే నేనూ మీలాగే ఊపిరాడనివ్వకుండా మాల్‌కి తీసుకెళ్లి, అన్నీ నేనే కట్టి, అప్పటికి నా జీతం ఎంతనీ, ఫ్రెండ్ దగ్గర అప్పు చేసి మరీ. ఆయన సాయంత్రం దాకా మా సంచులు ఒళ్లో పెట్టుకుని బయట బెంచీ మీద కూర్చున్నాడు. రైలెక్కేటప్పుడు అడిగాడు, "ఏరా, ఆ మ్యూజియంలో గంట కొట్టే గడియారం ఇంకా ఉందా?" అని.

ఉంది బాబాయీ. అందుకే దసరాకి మీకు నేను చెప్పే దారి ఇది, నచ్చితేనే. పొద్దున్నే కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కితే రెడ్ లైన్‌లో నేరుగా ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్), అక్కడి నుంచి సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గరే. గంట గంటకీ గడియారంలోంచి చిన్న బొమ్మ వచ్చి గంట కొడుతుంది, దాని ముందు జనం మధ్య కూర్చుని ఎదురుచూడటమే పిల్లలకి సగం సరదా. మళ్లీ ఎంజీబీఎస్‌కి వచ్చి గ్రీన్ లైన్ ఎక్కితే ఆర్టీసీ క్రాస్ రోడ్స్, అక్కడ బిర్యానీ ఉంది, ఆ పక్కనే సింగిల్ స్క్రీన్ థియేటర్లున్నాయి. తిని మ్యాట్నీకి వెళ్లండి. బిర్యానీ మనిషికొకటి చెప్పకండి, మీరు పంపిన బిల్లులో ఎనిమిది మందికి ఏడు మెయిన్ ఐటమ్స్ ఉన్నాయి, సగం ప్యాక్ చేయించి ఇంటికి తెచ్చి మర్నాడు పారేసి ఉంటారు. నాలుగు తెప్పించి చూడండి, చాలకపోతే ఇంకోటి ఎంతసేపు? మెట్రో చార్జీలు అందరికీ కలిపినా మీ నాలుగు క్యాబుల కంటే తక్కువే, పైగా ఒక క్యాబు ముందొచ్చి ఇంకొకటి సిగ్నల్ దగ్గర ఇరుక్కుని ఒకరికోసం ఒకరు ఎదురుచూసే పని ఉండదు. బస్సు అనుకుంటే మాత్రం ఒక చిన్న సంగతి: ఆడవాళ్ల ఉచిత ప్రయాణానికిచ్చే జీరో టికెట్ ఇక్కడ తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డుకే, కాకినాడ ఆధార్ చూపిస్తే కండక్టర్ డబ్బులు అడుగుతాడు. మీ అక్కగారు వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఇలా వెళ్తే కూడా ఆరు, ఏడు వేలు అవుతుంది, ఇంకా తగ్గించమని నేను చెప్పను. ఏడాదికి మూడుసార్లు, ఒక్కోసారి ఏడు వేలు అనుకుంటే 21,000, నెలకి 1,750. మీ జీతంలో మూడు శాతం. జీతం పడిన మర్నాడే ఆటోమేటిక్‌గా ఏటీఎం కార్డు లేని వేరే సేవింగ్స్ ఖాతాలోకి వెళ్లేలా పెట్టండి, దానికి చుట్టాల పద్దు అని పేరు పెట్టుకోండి. ఆ రోజు బయల్దేరే ముందు అందులోంచి ఏడు వేలు తీసి యూపీఐ ఖాతాలో వేసుకోండి, కార్డు ఇంట్లో బీరువాలో ఉండాలి.

మీ ఆవిడ మాట మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు, నాకు మీ ఉత్తరం మొత్తంలో అసలు విషయం అదే అనిపించింది. మీ అక్కకి పది వేలూ ఆవిడ వాళ్లకి నాలుగు వేలూ అయితే ఆవిడ కోపం డబ్బు మీద కాదు. పద్దు ఇద్దరిదీ అవ్వాలి, ఏ వైపు చుట్టాలొచ్చినా ఒకటే మొత్తం, పాస్‌బుక్కు ఆవిడ దగ్గరే ఉంచండి. మీరే అంటున్నారు ఆవిడ ఇంటి ఖర్చు బాగా చూస్తారని, మరి ఆదివారం ప్లాన్ కూడా ఆవిడనే వెయ్యమనండి, మీరు బిర్యానీ సంగతి చూసుకోండి.

దసరాకి ఇంకా కొన్ని వారాలుంది, ఈ నెల, వచ్చే నెల 1,750 చొప్పున వేసినా 3,500 అవుతుంది, మిగతా సగం ఈసారికి జీతంలోంచి పెట్టుకోక తప్పదు. తమ్ముడు ఏ రోజు వస్తున్నాడో కనుక్కోండి, శుక్రవారమైతే మ్యూజియం మర్నాటికి పెట్టుకోండి, శుక్రవారాలు దానికి సెలవు.