జులై ముసురులో ఒంటరిగా డయ్యూ: వెళ్ళండి, సముద్రంలో దిగాలని మాత్రం కాదు

జులైలో నాలుగు రోజుల సెలవుంది, గుజరాత్ తీరంలోని డయ్యూ దీవికి ఒంటరిగా వెళ్దామనుకుంటున్నాను, వానల్లో అక్కడ ఏమీ ఉండదని అందరూ అంటున్నారు, ఒక్కదాన్నే కాబట్టి భయపడాలా అని అడిగారు. నేను జులై రెండో వారంలో ఒక్కదాన్నే వెళ్ళి ఐదు రాత్రులు ఉండొచ్చాను. వెళ్ళండనే చెప్తాను. కాకపోతే వీలైతే సెలవు ఇంకో రోజు పెంచుకోండి. ఎందుకో కింద చెప్తాను.

ముందు సముద్రం సంగతి. ఆ ఊరికి వెళ్ళేవాళ్ళలో చాలామంది నాగోవా బీచ్ కోసం వెళ్తారు. గుర్రపునాడాలా వంపు తిరిగిన తీరం, శీతాకాలంలో అలలు మెత్తగా ఉంటాయి. నైరుతి రుతుపవనాలు వచ్చాక ఆ మాటే ఉండదు. జూన్ మొదటి నుంచి ఆగస్టు చివరి దాకా నీళ్ళలో దిగనివ్వరు. ఆటల పడవలు ఉండవు, సముద్రం మధ్యలో కనిపించే పానీకోఠా అనే చిన్న కోటకి తీసుకెళ్ళే పడవా ఉండదు. "ఏమీ ఉండదు" అని మీతో అన్నవాళ్ళు వీటి గురించే అని ఉంటారు. ఒడ్డున ఎవరూ లేరు కదా, మోకాళ్ళ లోతులో నిలబడితే ఏమవుతుందిలే అని మాత్రం అనుకోకండి. ఆ అలలు వెనక్కి వెళ్ళేటప్పుడు కాళ్ళ కింద ఇసుకని కూడా లాక్కుపోతాయి. ఒంటరిగా వెళ్ళినవాళ్ళకి కేక వేస్తే వినేవాళ్ళు కూడా ఉండరు.

మరి ఏముంటుంది? నాకైతే కోట ఒక్కటే రెండు పూటలు సరిపోయింది. గుజరాత్ సుల్తాన్ బహదూర్ షాతో ఒప్పందం కుదిరాక పోర్చుగీసువాళ్ళు 1535లో మొదలుపెట్టిన కోట అది. 1961 డిసెంబరులో మన సైన్యం వెళ్ళేదాకా ఊరు వాళ్ళ చేతుల్లోనే ఉంది. మూడు వైపులా సముద్రమే. ముసురు రోజున లోపల నాతో పాటు ఇంకో నలుగురైదుగురు ఉన్నారేమో. ఫిరంగుల గొట్టాల్లోంచి వాననీళ్ళు సన్నగా కారుతున్నాయి, అల గోడని కొట్టిన ప్రతిసారీ ఆ చప్పుడు ముందు కాళ్ళకి తెలిసి తర్వాత చెవులకి తెలిసింది. బురుజుల మీదకి వెళ్ళే మెట్లకి పాచి పడుతుంది, జాగ్రత్త. నునుపు అడుగుల బూట్లు వద్దు, వెనక పట్టీ ఉండి నేలని గట్టిగా పట్టుకునే చెప్పులు వేసుకోండి. నైడా గుహలు కూడా వానలో జారతాయి. పైనుంచి వెలుతురు పడే ఆ రాతి సందుల్లో పొడిగా ఉన్నచోటు వరకే వెళ్ళి వెనక్కి వచ్చేశాను.

అన్నిటికంటే ఎక్కువగా నేను చెప్పాలనుకునేది వనక్‌బారా గురించి. దీవికి పడమటి చివర జాలర్ల ఊరు. పడమటి తీరంలో జూన్ 1 నుంచి వేట నిషేధం కాబట్టి పడవలన్నీ ఒడ్డుకి లాగేసి ఉంటాయి. నీళ్ళలో ఉన్నప్పుడు కనపడని పొట్టభాగం కూడా పైకి తేలి, ఒక్కో పడవ రెండంతస్తుల ఇల్లంత కనిపిస్తుంది. ఒకతను పలకల సందుల్లో నూలు పోగులు ఉలితో కూరుతూ, సుత్తితో కొడుతున్నాడు. వాన పడితే పడవ కిందికి జరుగుతాడు, తెరిపి ఇస్తే మళ్ళీ బయటికి వస్తాడు. నేను నిలబడి చూస్తుంటే ఓ డబ్బా బోర్లించి కూర్చోమన్నాడు. నాకొచ్చిన హిందీలో తూర్పు తీరంలో వేట ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఆపుతారని చెప్పాను. "అయితే మేం పడవలు కట్టేసే వేళకి వాళ్ళు విప్పుతారన్నమాట" అని పక్కనున్నవాళ్ళని పిలిచి మరీ చెప్పాడు. డిసెంబరులో వెళ్తే ఈ పని కనపడదు, వీళ్ళకి ఇంత తీరిక కూడా ఉండదు. ఇంకో విషయం, వేట లేదు కాబట్టి హోటళ్ళలో చేప దొరికినా అది ఆ రోజు పట్టింది అయ్యుండదు.

ఖుక్రీ స్మారకం దగ్గరికి ఓ సాయంత్రం వెళ్ళండి. 1971 డిసెంబరు 9న ఈ తీరానికి దూరంగా పాకిస్తాన్ జలాంతర్గామి మన యుద్ధనౌక ఐఎన్ఎస్ ఖుక్రీని ముంచేసింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడని విడిచి రాలేదు. అద్దాల్లో ఓడ నమూనా ఉంటుంది, దాని వెనక అదే సముద్రం. నల్లటి మబ్బు కింద, ఎవరూ లేని వేళ చూశాను. చాలాసేపు కదలలేకపోయాను.

ఇక భయం సంగతి. గుజరాత్‌లో మద్యనిషేధం, డయ్యూలో లేదు. అందుకని శని, ఆదివారాలు తాగడానికే వచ్చే గుంపులు ఉంటాయి, వానాకాలమైనా సరే. నేను సోమవారం చేరాను, శుక్రవారం రాత్రి నుంచి తేడా స్పష్టంగా కనిపించింది. మీరు సోమవారం నుంచి గురువారం దాకా పెట్టుకుంటే ఆ ఇబ్బంది దాదాపు ఉండదు. ఆ నాలుగు రోజులూ నేను పాత బజారు సందుల్లో పొద్దుగూకే దాకా తిరిగాను, ఎవరూ నన్ను ఇబ్బంది పెట్టలేదు. చీకటి పడ్డాక బీచ్ రోడ్ల మీదకి మాత్రం వెళ్ళలేదు. గది సముద్రం ఒడ్డున కాకుండా ఊళ్ళో, కుటుంబం ఉండే ఇంట్లో తీసుకోండి. రెండో రాత్రి ఈదురుగాలికి కరెంటు పోయి నాలుగు గంటలు రాలేదు. కింద ఇంటి పెద్దావిడ కొవ్వొత్తి పట్టుకుని తనే పైకి వచ్చింది. అదే ఒడ్డున ఖాళీ హోటల్లో ఉండి ఉంటే ఆ రాత్రి నాకు నిద్రపట్టేది కాదు.

ఇప్పుడు ఆ ఇంకో రోజు మాట. అందరూ డయ్యూలో వాన ఎంతో చూస్తారు. చూడాల్సింది దీవి పక్కనే ఉన్న గుజరాత్ జిల్లా గిర్ సోమనాథ్‌కి ఇచ్చే వాన హెచ్చరికలు. రైలు ఎక్కడానికి వేరావల్ దాదాపు 90 కిలోమీటర్లు, ఆ దారి ఊనా మీదుగా. గిర్ కొండల్లో గట్టిగా కురిస్తే ఊనా దగ్గర మచ్ఛుంద్రీ నదికీ, దారిలోని వాగులకీ నీళ్ళొస్తాయి. నేను బయల్దేరాల్సిన శుక్రవారం పొద్దున డయ్యూలో చినుకు లేదు, ఎండ కూడా కాసింది. బస్సు మాత్రం రాలేదు, రోడ్డు మీద నీళ్ళున్నాయన్నారు. రైలు పోయింది, టికెట్ డబ్బులూ పోయాయి. వాతావరణ శాఖ ఆ జిల్లాకి ఆరెంజ్ హెచ్చరిక ఇచ్చిందంటే ఒక రోజు ముందే దీవి దాటేయండి, రెడ్ అయితే అసలు కదలకండి. తిరుగు టికెట్‌కి ముందు ఒక రోజు ఖాళీగా ఉంచుకోమన్నది ఇందుకే. వెళ్ళేటప్పుడు కూడా వెలుతురు ఉండగానే దీవిలోకి వచ్చే ఘోఘ్లా వంతెన దాటేలా చూసుకోండి.

సామాను విషయంలో ఒక్కటే. జీన్స్ తీసుకెళ్ళకండి, నావి మూడు రోజులైనా ఆరలేదు. అక్కడి గాలికి గొడుగు తిరగబడుతుంది, రెయిన్‌కోటే మేలు.

సముద్రం ఒడ్డున ఉన్న గంగేశ్వర్ గుడిలో అయిదు శివలింగాలని అలలు కడుగుతుంటాయి. పోటు మీద అయితే అవి కనపడవు, ఈ కాలంలో కిందికి దిగడమూ ప్రమాదం. పోటు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి నేను వెళ్ళిన వేళ మీకు పనికిరాదు. మీ తేదీలు ఖాయమయ్యాక చెప్పండి, పట్టిక చూసి ఏ పూట వెళ్ళాలో రాస్తాను.