బొచ్చు ఊడకుండా మేకతోలును టానింగ్‌కి ఎలా సిద్ధం చేయాలి?

దసరాకి ఇంట్లో కోసే మేకపోతు తోలును బొచ్చుతో సహా కూర్చునే తోలుగా చేయించుకోవాలని ఉంది, ఎండలో ఆరేసి టానరీకి (పచ్చి తోలును కుళ్లకుండా, మెత్తగా ఉండేలా టానింగ్ చేసే చోటికి) ఇస్తే చాలా అని ఒకరు అడిగారు. చాలదు. మా మామయ్యకు తోళ్ల గోదాము ఉండేది. సెలవులన్నీ అక్కడే గడిచేవి, తర్వాత కొన్నాళ్లు లెక్కలు కూడా చూశాను. టానరీ వాళ్లు వెనక్కి తిప్పిన తోళ్లలో ఎక్కువ భాగం టానింగ్‌లో చెడినవి కావు, కోసిన రోజే చెడిపోయినవి.

ముందు కోసే అతనితో మాట్లాడండి. మన దగ్గర చాలామంది పోతును మంట మీద కాల్చి, పసుపు రాసి, తోలుతోనే ముక్కలు కొట్టిస్తారు. మీ ఇంట్లోనూ అదే అలవాటైతే కూరో, తోలో ఏదో ఒకటి తేల్చుకోవాలి. రోజూ మాంసం కొట్టే మనిషికి తోలు మీద పెద్దగా ధ్యాస ఉండదు, తొందరలో కత్తి ఎక్కువ వాడేస్తాడు. వెనక కాళ్లకు వేలాడదీసి పొట్ట మధ్యగా ఒకే తిన్నని గీత, కాళ్ల లోపలివైపు నుంచి ఆ గీతను కలిపేలా కోతలు, అంతే. గీత కోసేటప్పుడు కత్తి మొన తోలు కిందికి పోనిచ్చి, పదును పైకి ఉంచి లోపలి నుంచి చీరాలి. పైనుంచి కోస్తే ఆ వరస బొచ్చంతా తెగిపోతుంది. అక్కడి నుంచి కత్తి పక్కన పెట్టి పిడికిలితో నెడుతూ ఒలిపించండి, మేకతోలు బాగానే వస్తుంది. కాళ్లు, తోక, రొమ్ము దగ్గర కత్తి తప్పదు. అక్కడ పదును మాంసం వైపు తిప్పి ఉండాలి. మాంసం మీద గాటు పడితే నష్టం లేదు, తోలు మీద పడితే టానింగ్ అయ్యాక చిల్లై కనిపిస్తుంది.

ఒలిచిన తోలును కుప్పగా పడేయకండి, ప్లాస్టిక్ సంచిలో అసలే కట్టకండి. లోపలి వేడికి బ్యాక్టీరియా పెరిగి బొచ్చు కుదుళ్లు వదులవుతాయి. పొట్ట దగ్గర, చంకల్లో రెండు వేళ్లతో పట్టి లాగితే కుచ్చుగా ఊడి వస్తుంది. ఆ దశకు వచ్చాక ఏ టానరీ కూడా దాన్ని కాపాడలేదు. వెంటనే నీడలో, బొచ్చు కిందికి వచ్చేలా పరిచి చల్లారనివ్వండి. రక్తం అంటితే చన్నీళ్లతో కడిగి నీరు వాడ్చాలి. నున్నటి దుంగ మీద వేసి మొద్దు కత్తితో కొవ్వు, మాంసం ముక్కలు, పైనున్న పల్చటి పొర గీకేయండి. ఆ పొర మిగిలిన చోట ఉప్పు దిగదు. అతిగా గీకినా ప్రమాదమే: వెంట్రుకల కుదుళ్లు నల్లటి చుక్కల్లా కనిపిస్తున్నాయంటే అక్కడ ఆపేయాలి.

మన ఎండల్లో మూడు నాలుగు గంటల్లోపు ఉప్పు పడాలి. తోలు బరువులో సగం ఉప్పు, అంటే రెండు కిలోల పచ్చి తోలుకు కిలో. రాళ్ల ఉప్పును నలగ్గొట్టి వాడండి, పెద్ద రాళ్లు అన్నిచోట్లా అంటవు. కాస్త వాలుగా పెట్టిన చెక్క మీద తోలు పరిచి, లోపలివైపు అంచుల దాకా చేత్తో రుద్దాలి. ముడుచుకున్న అంచులు విప్పి మరీ రుద్దండి, కుళ్లు మొదలయ్యేది అక్కడే. మర్నాటికి నీరు ఊరి కారుతుంది. తడిసిన ఉప్పు దులిపేసి కొత్తది వేయండి. దులిపిన ఉప్పు మళ్లీ వాడితే తోలు మీద ఎర్ర మచ్చలు వస్తాయి. పిసినారితనానికి గోదాముల్లో ఆ పని చేసేవాళ్లు, ధర సగానికి పడిపోయేది. నీరు ఊరడం ఆగాక ఉప్పువైపు లోపలికి వచ్చేలా మడిచి గోనెపట్టాలో చుట్టి చల్లటి చోట పెడితే కొన్ని వారాలు నిలుస్తుంది.

ఎండలో ఎందుకు వద్దంటే, పైపొర చెక్కలా బిగుసుకుంటుంది, లోపలి తడి బయటకు రాలేక కుళ్లుతుంది. చూడ్డానికి బాగానే ఆరినట్టుంటుంది, టానరీలో నానబెట్టాక బండారం బయటపడుతుంది.

ఇచ్చేటప్పుడు "బొచ్చుతో కావాలి" అని గట్టిగా చెప్పండి, రాయించండి కూడా. మామూలు పద్ధతిలో మొదట సున్నంలో వేసి బొచ్చు ఊడదీసేస్తారు. పైగా తమిళనాడులో వాణియంబాడి, రాణిపేట వైపు పెద్ద టానరీలు ఒక్క తోలు కోసం డ్రమ్ము (తోళ్లు వేసి తిప్పే పెద్ద పీపా) తిప్పవు, పోతును కోయక ముందే ఎవరు తీసుకుంటారో కనుక్కోండి. తెల్ల పోతైతే తంగేడు బెరడుతో చేయించకండి, బొచ్చుకు గోధుమ రంగు దిగుతుంది. పటికతో చేస్తే తెల్లగానే ఉంటుంది కానీ తడిస్తే పటిక కరిగిపోయి తోలు మళ్లీ గట్టిపడుతుంది, కాబట్టి దాన్ని ఉతకకూడదు.

ఇంకొకరు కుందేలు తోలు గురించి అడిగారు. ఫారం కుందేలు తోలును పొట్ట చీల్చకుండా చొక్కా విప్పినట్టు వెనక నుంచి తల వైపు లాగేయొచ్చు, మిగతాదంతా ఇదే పద్ధతి. చాలా పల్చన, నెమ్మదిగా గీకాలి. అడవి కుందేలు జోలికి మాత్రం పోవద్దు, 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. అలాగే ఉన్నట్టుండి చచ్చిపడి, ముక్కు నుంచో వెనక నుంచో నల్లటి రక్తం కారిన మేకను కోయొద్దు, ఒలవొద్దు. అది ఆంత్రాక్స్ కావచ్చు, మనుషులకూ అంటుతుంది. ముట్టుకోకుండా పశువుల డాక్టరుకు కబురు పెట్టండి.